జెండాకి వెనకవైపు

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ఒక వస్తువు చూపిస్తాను. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. జెండా. మన శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర, ఆగస్టు రెండో వారంలో, తోపుడు బండి మీద 20 రూపాయలకి కొన్నాను. పాలిస్టర్. ఇంటికొచ్చి విప్పి చూద్దును కదా, చక్రం మధ్యలో లేదు, కర్ర వైపుకి జరిగిపోయింది. గుండ్రంగానూ లేదు, కోడిగుడ్డులా ఉంది. ఆకులు లెక్కపెట్టాను, 18 వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను, 19 వచ్చాయి. 24 మాత్రం ఎన్నిసార్లు లెక్కపెట్టినా రాలేదు. తిప్పి చూస్తే వెనకవైపు రంగు సగమే దిగింది, చక్రం ఉందా లేదా అన్నట్టు మసగ్గా ఉంది. బండాయన్ని అనడానికి లేదు. ఎక్కడో అచ్చయిన కట్ట తెచ్చుకుని పొట్ట పోసుకుంటున్నాడు.

నా తంటా వేరు. దీన్ని ఇప్పుడేం చెయ్యాలి? ఎగరేద్దామంటే నిబంధన ఒప్పుకోదు. పారేద్దామంటే మనసూ ఒప్పుకోదు, చట్టమూ ఒప్పుకోదు. అసలిది జెండాయేనా, లేకపోతే జెండా బొమ్మ అచ్చేసిన గుడ్డముక్కా?

ఈ ప్రశ్న నాకంటే చాలా ముందు ఒకాయన వేసుకున్నాడు. అమెరికాలో జాస్పర్ జాన్స్ అని ఒక చిత్రకారుడు. 1954లో, అప్పటికి ఆయనకి 24 ఏళ్ళు, తను జెండా బొమ్మ వేస్తున్నట్టు కలొచ్చిందట. లేచి నిజంగానే మొదలుపెట్టాడు. మామూలు రంగుతో సరిపెట్టలేదు. తేనెమైనం కరిగించి, అందులో రంగు కలిపి, న్యూస్‌పేపర్ ముక్కలు ముంచి గుడ్డ మీద ఒక్కొక్కటీ అంటించుకుంటూ పోయాడు. అప్పటికి వాళ్ళ జెండాలో నక్షత్రాలు 48. ఇప్పుడా బొమ్మ న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. దూరం నుంచి చూస్తే జెండాయే, ఇంకేం లేదు. దగ్గరికెళితే మైనం గడ్డలు, కుంచె జాడలు, ఎర్ర చార కింద పాత పేపరు అక్షరాలు. దండం పెట్టాల్సిన గుర్తు కాస్తా, మనిషి చేత్తో చేసిన వస్తువుగా కనబడటం మొదలెడుతుంది.

మా అమ్మ చీర కొనేటప్పుడు చూశారా, మీ అమ్మా అంతే అయ్యుంటుంది. షాపువాడు మడతలు విప్పి పరుస్తుంటే ఆవిడ అటు చూడదు. ఒక కొస పట్టుకుని వెనక్కి తిప్పుతుంది. పోగులు ఎలా తేలాయి, బుటా వెనకాల దారం కత్తిరించారా వదిలేశారా, అదంతా చూసి అప్పుడు ధర అడుగుతుంది. ఇవాళ నేను చెప్పబోయే కళాకారులది కూడా ఈ చీర బేరమే. జెండా, సింహాలు, దేశపటం, నాయకుల ఉపన్యాసం, ఏది చేతికొచ్చినా తిప్పి చూస్తారు.

ఒక్క మాట. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు దేశం గురించి నోరు విప్పితే గురజాడతో మొదలెట్టాలని రాయని రూలొకటి ఉంది. ప్రతి పంద్రాగస్టుకీ ప్రతి బడిలోనూ అదే కదా. ఆయన మీద గౌరవం కొద్దీ ఇవాళ ఆయన్ని కాస్త విశ్రాంతిగా కూచోబెట్టి, నేను పొందూరు నుంచి మొదలెడతాను.

పొందూరు ఖద్దరు గురించి తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. నిజంగా చేప దవడే, ఉత్తి మాట కాదు. ఆ దవడకి సన్నటి పళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి. పత్తి ఇంకా గింజనంటుకుని ఉండగానే ఆ పళ్ళతో దువ్వితే నలక పోతుంది, పోగులన్నీ ఒక దారికొస్తాయి. తరవాత గింజ తీసి, విల్లుతో ఏకి, ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం మీద వడుకుతారు. వడికేది ఎక్కువగా ఆడవాళ్ళే. నూరో నెంబరు నూలు, అంటే చాలా సన్నటి దారం, చేతి మీదే వచ్చేస్తుంది. మిషను దవడ కనిపెట్టలేదు మరి! గాంధీగారు ఈ పని చూసి రమ్మని తన కొడుకు దేవదాసుని పంపిన ఊరు ఇది.

నేను వెళ్ళినప్పుడు ఒక పెద్దావిడ వడుకుతూ ఉంది. నాకేమో జెండా పిచ్చి పట్టుకుని ఉంది కదా, అడిగేశాను. "అమ్మా, మీ నూలు జెండాకి ఇస్తారా?" ఆవిడ చెయ్యి ఆపలేదు. "జెండాకి మా నూలెందుకు బావూ? గాలికి ఆగుద్దా? దానికి మోటుది కావాల" అంది. నాకు చిన్నబోయింది. గొప్పగా ఒక వీడియో టైటిల్ అనుకుని వెళ్ళాను, మన పొందూరు నూలే ఎర్రకోట మీద అని. ఆవిడ మాటే నిజం. ప్రమాణాల ప్రకారం జెండా ఖాదీ ఎక్కువగా తయారయ్యేది కర్ణాటకలో, హుబ్బళ్ళి దగ్గర బెంగేరిలో. దానికి పోగు ఎంత, బరువు ఎంత, రంగు ఎంత వెలవాలి, ఎంత వెలవకూడదు, అన్నిటికీ లెక్కుంది. మన దేశంలో వస్తువులకి రాసుకున్న ప్రమాణాల్లో ఒకటో నెంబరు ఏదనుకున్నారు? సిమెంటూ కాదు, ఇనుమూ కాదు. జెండా.

సరే, మరి 20 రూపాయల పాలిస్టర్ ఎక్కణ్ణుంచి వచ్చింది? జెండాకి నిబంధనలు చెప్పే ఫ్లాగ్ కోడ్‌ని 2021 డిసెంబర్ 30న మార్చారు. అప్పటిదాకా చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డే ఉండాలి. ఆ మార్పుతో పాలిస్టర్‌కీ, మిషను మీద చేసిన జెండాకీ అనుమతి వచ్చింది. 2022 ఆగస్టులో ఇంటింటికీ జెండా అన్నారు, ఎగిరింది. మా వీధిలో ఎప్పుడూ ఎగరేయని ఇళ్ళ మీద కూడా ఎగిరింది, అది నేను తక్కువ చెయ్యను. అంతకు ముందు, 2002 దాకా, మామూలు మనిషి తన ఇంటి మీద ఏడాది పొడుగునా జెండా ఎగరేసుకోవడానికి లేదు. నవీన్ జిందాల్ అనే పారిశ్రామికవేత్త తన ఫ్యాక్టరీ మీద ఎగరేస్తే అధికారులు వద్దన్నారు, ఆయన కోర్టుకెళ్ళారు, 2004లో సుప్రీంకోర్టు అది పౌరుడి హక్కేనంది. అంటే జెండా ఇంటింటికీ వచ్చింది ఈ ఇరవై ఏళ్ళలోనే. వచ్చేటప్పటికి రాట్నం జారిపోయింది.

రాట్నం జారడం మాత్రం పాలిస్టర్‌తో మొదలవలేదండోయ్. 1921లో బెజవాడ కాంగ్రెస్ సభల్లో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారని మనందరికీ తెలుసు. ఆ తరవాత 1931లో కాంగ్రెస్ ఖాయం చేసుకున్న జెండాలో మధ్యన రాట్నమే. 1947 జులై 22న రాజ్యాంగ సభ దాన్ని తీసి అశోక చక్రం పెట్టింది. ఎందుకో నెహ్రూ సభలోనే చెప్పారు. రాట్నం బొమ్మ జెండాకి రెండువైపులా ఒకేలా కనబడదు. ఇటు నుంచి చూస్తే చక్రం ఒక పక్క, కదురు ఇంకో పక్క. అటు నుంచి చూస్తే తారుమారు. చక్రమైతే ఎటు చూసినా చక్రమే. గాంధీగారికి ఇది రుచించలేదు, రాట్నం లేని జెండాకి వందనం చెయ్యనన్నారు కూడా. ఇప్పటి ఫ్లాగ్ కోడ్‌లో కూడా, చక్రం రెండువైపులా పూర్తిగా కనబడాలని రాసి ఉంది.

వింటున్నారా? మన జెండా రూపం తేలిందే వెనకవైపు గొడవ మీద. వెనక నుంచి చూసినా తేడా రాకూడదు అని. నాకు ఈ సంగతి తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదంటే మా ఇంట్లో నవ్వారు.

జాన్స్ దగ్గర వదిలేశాను. అమెరికాలో జాన్స్ తరవాత ఒకళ్ళ వెంట ఒకళ్ళు జెండా మీద పడ్డారు. డేవిడ్ హామన్స్ 1990లో అమెరికా జెండాని అలాగే ఉంచి, రంగులు మాత్రం ఎరుపు, నలుపు, ఆకుపచ్చ చేశాడు. అవి నల్లజాతి ఉద్యమం రంగులు. అంతే చేశాడు, ఇంకేం ముట్టుకోలేదు. దానికి ఏడాది ముందు, చికాగోలో డ్రెడ్ స్కాట్ అనే కుర్రాడు, అప్పటికింకా విద్యార్థే, గోడకి ఒక అర పెట్టి దాని మీద పుస్తకం ఉంచాడు. జెండాని ఎలా ప్రదర్శించాలో మీ అభిప్రాయం రాయండి అన్నాడు. అర ముందు నేల మీద జెండా పరిచి ఉంది. రాయాలంటే దాని మీద అడుగెయ్యాలి, లేదా పక్కనుంచి వంగి అవస్థపడాలి. ఊరు ఊరంతా రోడ్డెక్కింది. వాళ్ళ పార్లమెంటు చట్టం చేసింది. జెండా తగలబెట్టడం కూడా భావ ప్రకటనే అంటూ వాళ్ళ సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని 1990లో కొట్టేసింది.

మన దగ్గర ఆ పని చేస్తే 1971 చట్టం ఉంది, మూడేళ్ళ దాకా జైలు. నా సొంత అభిప్రాయం అడిగితే, జెండాని కాళ్ళ కింద పరవడం చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది. అందులో నేను దాచుకునేదేం లేదు. అయితే ఒకటి గమనించాను. మన దేశంలో చాలామంది పెద్ద కళాకారులు జెండా జోలికి నేరుగా వెళ్ళలేదు. వీధి గుమ్మం మూసి ఉంటే పెరటి గుమ్మం నుంచి వచ్చారు. ఉపన్యాసాలు పట్టుకున్నారు, ఎముకలు పట్టుకున్నారు, పటాలు పట్టుకున్నారు. నాకైతే ఈ పెరటి దారి పనే ఎక్కువ పదునుగా కనిపిస్తుంది.

జితీశ్ కల్లాట్ అని ముంబై ఆయన ఉన్నారు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి నెహ్రూ చేసిన ఉపన్యాసం ఉంది కదా, దాన్ని 2003లో ఆయన పెద్ద పెద్ద అద్దాల మీద జిగురుతో అక్షరం అక్షరం రాసి, నిప్పంటించారు. జిగురు కాలి అక్షరాలు నల్లగా మిగిలాయి. వేడికి అద్దం వంకర్లు పోయింది. ఇప్పుడు మీరు ఆ ఉపన్యాసం చదవడానికి ముందు నిలబడితే, కాలిన మాటల మధ్యలో మీ మొహమే వంకరగా కనిపిస్తుంది. అది 2002 గుజరాత్ అల్లర్ల తరవాతి ఏడాది అని గుర్తుపెట్టుకుంటే చాలు, నేను వ్యాఖ్యానం చెయ్యక్కర్లేదు.

తరవాత 2007లో అదే మనిషి గాంధీగారి మాట పట్టుకున్నారు. దండి యాత్రకి ముందురోజు, 1930 మార్చి 11న సబర్మతిలో చేసిన ప్రసంగం. అందులో అక్షరాలు దాదాపు 4,500. ఒక్కో అక్షరాన్నీ ఎముక ఆకారంలో పోతపోసి అరల మీద పేర్చారు. చూస్తే తవ్వకాల్లో దొరికిన ఎముకల్ని మ్యూజియంలో వరసగా పెట్టినట్టుంటుంది. ఉప్పు గురించిన మాటలు, తెల్లటి ఎముకలయ్యాయి. నేను ఫోటోల్లోనే చూశాను. చూసినప్పుడల్లా నాకు నౌపడ ఉప్పు మడులు గుర్తొస్తాయి. మన జిల్లాలో ఎండలో ఉప్పు గీసేవాళ్ళ కాళ్ళు దగ్గర్నుంచి చూసినవాళ్ళకి ఉప్పూ ఎముకా అంటే ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నెహ్రూ ఆ చక్రం ఎక్కణ్ణుంచి తెచ్చారు? అశోకుడి దగ్గర్నుంచి. అశోకుడు ధర్మచక్రం దాకా ఎలా వచ్చాడు? కళింగ యుద్ధం తరవాత. కళింగ ఎక్కడ? అయ్యా, మనమే! వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం. ఎగువకెళితే శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు. ఇంకా పైకెళితే ముఖలింగం, తరవాతి కాలంలో గంగరాజుల కళింగనగరం అదేనని పండితులంటారు. జెండా మధ్యలో తిరిగే ఆ చక్రానికి ఇరుసు దగ్గర మన నేల మీద కారిన నెత్తురుంది.

అశోకుడి 13వ శిలాశాసనంలో లెక్కుంది. లక్షన్నర మందిని పట్టుకుపోయారు, లక్షమంది చచ్చారు, అంతకు ఎన్నో రెట్లు తరవాత పోయారు, నాకు చాలా బాధగా ఉంది అని రాజు రాయించాడు. ఎక్కడెక్కడ చెక్కించాడు? ఇప్పటి పాకిస్తాన్ షాబాజ్‌గఢీలో ఉంది. గుజరాత్ గిర్నార్‌లో ఉంది. మన రాష్ట్రంలోనే కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉంది. మరి కళింగలో? కళింగలో రెండు చోట్ల శాసనాలున్నాయి. భువనేశ్వర్ దగ్గర ధౌలి, మన ఇచ్ఛాపురం దాటి బరంపురం అవతల ఋషికుల్య ఒడ్డున జౌగడ. ఆ రెండు చోట్లా 13వ శాసనం లేదు. 11, 12, 13 తీసేసి, వాటి బదులు వేరే శాసనాలు పెట్టారు. మనుషులందరూ నా బిడ్డలే, అధికారులు మిమ్మల్ని అన్యాయంగా జైల్లో పెట్టకుండా చూస్తాను, ఇలాగ. మంచి మాటలే. కానీ క్షమాపణ ఊరంతా చదివి వినిపించి, దెబ్బతిన్న ఇంటి గుమ్మంలో మాత్రం ఆ ముక్క ఎగరగొట్టేశాడు.

ఎందుకు? పుండు రేపడం ఎందుకని అయ్యుండొచ్చు. రాజు తప్పొప్పుకున్నట్టు జయించిన జనానికే తెలిస్తే పాలన సాగదని కూడా అయ్యుండొచ్చు. నాకు రెండోదే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. మన వైపు చిత్రకారులూ శిల్పులూ ఎంతోమంది ఉన్నారు. వాళ్ళకి చేతులు జోడించి చెబుతున్నాను, జౌగడలో లేని ఆ శాసనం కంటే పెద్ద బొమ్మ ఇంకోటి దొరకదు. ఖాళీ రాయి. ఎవరైనా వెయ్యండి బాబూ.

చక్రం అయ్యాక సింహాలు. నాలుగో సింహం అనగానే మన తెలుగువాళ్ళకి పోలీసు డైలాగే గుర్తొస్తుంది, నవ్వుకోండి, తప్పులేదు. సారనాథ్ స్తంభం మీద నాలుగు సింహాలు వీపులు ఆనించుకుని ఉంటాయి. నాణెం మీదా నోటు మీదా మూడే కనబడతాయి. 1950 జనవరి 26 నుంచి అది మన రాజముద్ర. రాజ్యాంగం రాతప్రతికి నందలాల్ బోస్ బృందం బొమ్మలు వేసినప్పుడు, ఈ సింహాలు గీసింది దీనానాథ్ భార్గవ అనే కుర్ర విద్యార్థి. సింహం ఎలా ఉంటుందో చూడమని నందలాల్ కలకత్తా జూకి పంపారని వాళ్ళింట్లో వాళ్ళు చెబుతారు. 2022 జులైలో కొత్త పార్లమెంటు మీద కంచు సింహాలు ఆవిష్కరించినప్పుడు గొడవైంది గుర్తుందా? ఆరున్నర మీటర్ల ఎత్తు, 9,500 కిలోలు. పాతవి ప్రశాంతంగా ఉన్నాయి, ఇవి కోరలు చూపిస్తున్నాయి అన్నారు ఒక వైపు. పాత దాన్నే పెద్దది చేశాం, కింద నుంచి ఫోటో తీస్తే అలాగే కనిపిస్తుంది అన్నారు ఇంకో వైపు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి కొట్టుడుపోయింది. నాకైతే నోరు కాస్త ఎక్కువ తెరిచినట్టే అనిపించింది. కానీ నేనూ ఫోటోలో చూసినవాణ్ణే, కింద నుంచి తీసిన ఫోటోలోనే. ఆ మాట ఒప్పుకోవాలి.

దేశమాత బొమ్మల సంగతి క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను, అది తేనెతుట్టె. 1905లో అవనీంద్రనాథ్ ఠాగూర్ వేసిన భరతమాత నాలుగు చేతుల్లో పుస్తకం, వరి కంకులు, జపమాల, తెల్లటి గుడ్డ. ఆయుధం లేదు. నూరేళ్ళ తరవాత 2006లో ఎం.ఎఫ్. హుసేన్ వేసిన ఒక నగ్న స్త్రీ బొమ్మ వేలానికొచ్చింది, శరీరమంతా దేశపటం. ఊళ్ళూళ్ళా కేసులు పడ్డాయి, ఆయన దేశం వదిలి వెళ్ళారు. భరతమాత అనే పేరు తను పెట్టింది కాదని ఆయన కోర్టులో చెప్పుకున్నారు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టేసింది. అయినా ఆయన తిరిగి రాలేదు, 2011లో లండన్‌లో పోయారు. ఆ బొమ్మ నాకు నచ్చలేదు, నచ్చకపోవడం నా హక్కు. అంత పెద్ద వయసులో ఒక మనిషి దేశం వదిలి ఉండాల్సి రావడం అంతకంటే నచ్చలేదు. ఇక తెలంగాణ తల్లి సంగతి మీరు చూశారు. 2024 డిసెంబర్ 9న కొత్త విగ్రహం పెట్టారు, కిరీటం పోయింది, బతుకమ్మ పోయింది, చేతిలో కంకులు మిగిలాయి. ప్రభుత్వం మారితే తల్లి నగలు మారతాయన్నమాట.

పటాల దగ్గరికొస్తే నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. శిల్పా గుప్తా అని ముంబై కళాకారిణి ఒక పని చేశారు. వందమందికి కాగితం ఇచ్చి, చూడకుండా, గుర్తున్నంత వరకూ మీ దేశం పటం గియ్యండి అన్నారు. ఏ రెండూ కలవలేదు. పటం అంటే మనకి గోడకి మేకు కొట్టినంత గట్టి వస్తువు. చేతిలోకొచ్చేసరికి వణుకుతుంది.

ఇది చదివి నేనూ ఊరుకోలేదు. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ కొట్టులో 12 మందికి కాగితాలిచ్చాను. దేశం పటం కాదు, రాష్ట్రం పటం గియ్యమన్నాను. ఆరుగురు తెలంగాణతో కలిపే గీశారు. అందులో ఇద్దరు గీశాక నాలిక్కరుచుకుని మధ్యలో గీత కొట్టారు. రాష్ట్రం విడిపోయింది 2014లో. చెయ్యి ఇంకా విడిపోలేదు. ఇంకోటి, చాలామంది మనల్ని మరిచిపోయారు. పైన కుడిపక్క తోక ఉంటుంది కదా, అది మొండిగా విశాఖపట్నం దగ్గరే ఆగిపోయింది. మన విజయనగరంలో కూచుని, మనవాళ్ళే! రాజాం నుంచి వచ్చిన ఒకాయన నవ్వి, "నా జిల్లాయే మూడేళ్ళ కింద మారిపోయింది, నానేటి గీసేది?" అని కాగితం తిరిగిచ్చేశాడు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. ఆయన ఊరు అంగుళం కదల్లేదు.

అంతకంటే పెద్ద బొమ్మ సాలూరు పైన కొండల మీద ఉంది. కొఠియా గ్రామాలు. 21 ఊళ్ళు మావంటే మావని ఆంధ్ర, ఒడిశా రెండూ పట్టుబట్టాయి. 1968లోనే సుప్రీంకోర్టుకెక్కిన తగాదా. ఎక్కడివాళ్ళక్కడ ఉండండి అన్నారు, ఉన్నారు. అక్కడ జనానికి రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. 2021లో మనవాళ్ళు పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్ళీ కోర్టుకెళ్ళింది. మీరు ఏ రాష్ట్రం వాళ్ళని అక్కడివాళ్ళని అడిగితే, బియ్యం ఎవరిస్తున్నారో దాన్ని బట్టి చెబుతారని బయటివాళ్ళు జోకులేస్తారు. నాకది జోకులా అనిపించదు. రోడ్డూ బడీ వైద్యం అన్నీ చూసుకుని గీసుకున్న పటం అది. కాగితం మీద గీసిన పటానికంటే దానికే లెక్క ఎక్కువ.

జముకుల కథ చెప్పి జనాన్ని కదిలించిన బొడ్డపాడు విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి గురించీ, ఎర్రజెండా గురించీ అడుగుతారని తెలుసు. దానికి విడిగా ఒక వీడియో కావాలి, ఇందులో ఇరికిస్తే పాపం తగులుతుంది.

చివరగా మా చిన్నాన్న. విజయనగరంలో ముప్ఫై ఏళ్ళు గోడ రాతలు రాశాడు. మ్యూజియంలో ఆయన బొమ్మ ఉండదు గానీ, రాజకీయ గుర్తుల గురించి ఆయనకి తెలిసినంత ఏ విమర్శకుడికీ తెలియదని నా నమ్మకం. హుసేన్ కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పైకొచ్చినవాడే, అది చెబితే చిన్నాన్న మీసం కాస్త లేస్తుంది. సైకిలు, ఫ్యాను, హస్తం, కొడవలి, గాజు గ్లాసు, అన్నీ వేశాడు. "సైకిలు గీసిన సేత్తోనే ఫ్యానూ గీసినాను. సేతికి పార్టీ నేదురా" అంటాడు. పంచాయతీ ఆఫీసులకి అప్పటి అధికార పార్టీ రంగులేశారు కదా, హైకోర్టు తప్పన్నది, 2020 జూన్‌లో సుప్రీంకోర్టూ అదే అన్నది. అప్పుడు వెయ్యడానికీ వెళ్ళాడు, చెరపడానికీ వెళ్ళాడు. అనంతపురం జిల్లాలో ఒక ఊళ్ళో అయితే గోడ మీదున్న మూడు రంగుల జెండా మీదే పార్టీ రంగు పూసేశారు. ఆ వార్త చదివి, "సున్నం గోకితే జెండా కిందనే ఉంటాది" అన్నాడు. జాన్స్ మైనం కింద న్యూస్‌పేపర్ సంగతి నేనాయనకి చెప్పలేదు.

నా 20 రూపాయల జెండా ఆయనకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, ఛీ అన్నాడు. ఒక పాత క్యాలెండరు వెనక్కి తిప్పి, మేకుకి దారం కట్టి గుండ్రం గీశాడు. అదే దారంతో అంచు మీద కొలుచుకుంటూ పోతే సరిగ్గా ఆరు చోట్ల పడుతుంది. ఒక్కోదాన్ని సగం చేస్తే 12. మళ్ళీ సగం చేస్తే 24. మూడు నిమిషాలు పట్టలేదు. స్కేలు లేదు, లెక్క లేదు. బడి గోడల మీద పంద్రాగస్టుకి ముందు ఆయన వేసిన చక్రాలన్నీ ఇలా దారం మీద పుట్టినవే.

"మరి దీన్నేం చెయ్యమంటావు చిన్నాన్నా?" అన్నాను. పాడైన జెండాని ఎవరికంటా పడకుండా, మర్యాదగా, కుదిరితే కాల్చి మొత్తంగా లేకుండా చెయ్యాలని కోడ్‌లో ఉందని కూడా చెప్పాను. ఆయన ఒక కొస పట్టుకుని, మా అమ్మ చీర చూసినట్టే వెనక్కి తిప్పి, వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఖద్దరైతే కాలి బూడిదైపోను. ఇది కాలదురా. కరిగి బొట్లు బొట్లుగా కారతాది."

అందుకని అది ఇంకా మా బీరువాలోనే ఉంది, అమ్మ చీరల కింద. ఇవాళ మీకు చూపించడానికి తీశాను, మళ్ళీ అక్కడే పెట్టేస్తాను. మీరు మాత్రం ఒక కాగితం తీసుకుని, ఫోను చూడకుండా, మన రాష్ట్రం పటం గీసి ఫోటో పంపండి. తోక మరిచిపోకండి. ఉంటాను.